రెక్కలు మొలిచిన కార్లు: 1969, 70ల స్టాక్ కార్ రేసుల ముచ్చట

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినిపిస్తోందా? వినిపిస్తోందిగా, సరే. పిల్లలు గోల చేసినా పర్లేదండీ, కార్ల గురించే కాబట్టి మీకంటే వాళ్లకే ఎక్కువ నచ్చుతుందేమో.

మనలో చాలామందిమి నార్త్ కరోలైనాలోని ఈ షార్లెట్‌కు వచ్చి ఏళ్లు గడిచిపోయాయి. ఆఫీసు, పిల్లల స్కూలు, ఇంటి లోను, శనివారం వస్తే ఇండియన్ స్టోరు. ఊరి నడిబొడ్డున, ఇక్కడి స్టాక్ కార్ రేసులు నడిపే సంస్థ నాస్కార్ వాళ్ల హాల్ ఆఫ్ ఫేమ్ ఉంది, కాంకర్డ్‌లో అంత పెద్ద స్పీడ్‌వే ఉంది, అయినా రేసు రోజున ట్రాఫిక్‌లో ఇరుక్కుని విసుక్కోవడం తప్ప దాని సంగతి మనకు పట్టదు. తిరుపతిలో కాపురం పెట్టి కొండెక్కనట్టుంది మన వ్యవహారం. అందుకే ఏదైనా మాట్లాడమని అడిగినప్పుడు నేను ఇదే చెబుతానన్నాను.

మొత్తం చరిత్ర చెప్పే ఓపిక నాకూ లేదు, అటు భోజనాలు చల్లారిపోతాయి. అందులోంచి రెండేళ్లు మాత్రం తీసుకుంటాను, 1969, 1970. జనం షోరూంలో కొనుక్కునే కారే ట్రాక్ మీదకు రావాలన్నది ఈ స్టాక్ కార్ రేసుల మూలసూత్రం. ఆ రెండేళ్లలో అది పూర్తిగా తలకిందులైపోయింది. ట్రాక్ కోసం ముందు కారు తయారుచేసి, రూలు ఒప్పుకోవాలి కాబట్టి దాన్ని తీసుకొచ్చి జనానికి అంటగట్టారు. ఇందులో ఎవరూ రూలు తప్పలేదండీ, అదే తమాషా.

అసలు రూలు తప్పడం అంటే ఏంటో మొదటి రోజే తేలిపోయింది. కొత్త కార్లతో నాస్కార్ పెట్టిన మొదటి రేసు 1949 జూన్ 19న మన ఊళ్లోనే జరిగింది, ఇప్పటి ఎయిర్‌పోర్టుకు దగ్గర్లో ఒక మట్టి ట్రాక్ మీద. కారు కొన్నది కొన్నట్టే తేవాలి, దేన్నీ మార్చకూడదు. గ్లెన్ డనవే అనే ఆయన ఫోర్డులో మొదట వచ్చాడు. రేసయ్యాక బండి కింద చూస్తే వెనక స్ప్రింగులు మార్చి ఉన్నాయి. ఎందుకు మార్చారయ్యా అంటే, అది నాటుసారా మోసే బండి. డిక్కీ నిండా సరుకు వేసినా వెనకభాగం కిందకు దిగిపోకుండా, పోలీసులకు అనుమానం రాకుండా చేసుకున్న ఏర్పాటన్నమాట, అది ట్రాక్ మీద మలుపుల్లో కూడా కలిసొచ్చింది. గెలుపు రద్దు చేసి, రెండో స్థానంలో వచ్చిన జిమ్ రోపర్‌కు ఇచ్చేశారు. డనవే నడిపిన బండి ఓనరు కోర్టుకెళ్లాడు, అక్కడా ఓడిపోయాడు.

ఈ నాస్కార్‌ను పెట్టినాయన పేరు బిల్ ఫ్రాన్స్. మనిషి పేరేనండీ, దేశం కాదు. ఆరడుగులు దాటిన ఆజానుబాహువు, మొండిమనిషి, ఆయన మాటే శాసనం. ఈయన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ మళ్లీ వస్తాడు.

మధ్యలో ఇరవై ఏళ్లు గబగబా దాటేస్తాను. ఫ్లోరిడాలోని డేటోనాలో సముద్రం ఒడ్డున ఇసకలో జరిగే రేసులు పోయి, 1959లో రెండున్నర మైళ్ల పెద్ద ట్రాక్ వచ్చింది. మలుపుల దగ్గర రోడ్డు 31 డిగ్రీలు వాలుగా ఉంటుంది, కాలినడకన ఎక్కడమే కష్టం. ఆదివారం గెలిచిన కారు సోమవారం అమ్ముడుపోతుందని డెట్రాయిట్ కార్ల కంపెనీలకు బాగా ఒంటబట్టింది. క్రైస్లర్ వాళ్లు 1964లో హెమీ అనే ఇంజన్ దింపారు, 426 క్యూబిక్ అంగుళాలది, అంటే మన లెక్కలో దాదాపు ఏడు లీటర్లు. అలా ఇంజన్ల మీద కొన్నేళ్లు కొట్టుకున్నారు. ఒకరిని కట్టడి చేస్తే ఇంకొకరు అలిగి వెళ్లిపోవడం, మళ్లీ రావడం, అదంతా ఒక పెద్ద సీరియల్, ఇంకోసారి చెప్పుకుందాం.

1968కి వచ్చేసరికి గంటకు 180, 190 మైళ్ల వేగంలో ఇంజన్ బలం కంటే గాలి పెద్ద సమస్యైపోయింది. ఆ ఏడు క్రైస్లర్ వాళ్ల డాడ్జ్ బ్రాండులో చార్జర్ అనే కారు కొత్త రూపంలో వచ్చింది. చూడ్డానికి ఎంత అందంగా ఉంటుందో చెప్పలేను, ఇప్పటికీ నా కళ్లకు అమెరికాలో తయారైన అందమైన కారు అదే. కానీ ముందు గ్రిల్ గుహలా లోపలికి ఉంటుంది, వెనక అద్దం కూడా రెండు స్తంభాల మధ్య గుంటలో ఉన్నట్టు లోపలికి ఉంటుంది. ఆ గ్రిల్ గాలిని దోసిలి పట్టినట్టు పట్టేసి కారు ముందుభాగాన్ని పైకెత్తేది. వెనక అద్దం దగ్గర గాలి సుడి తిరిగి వెనక్కి లాగేది. అటు ఫోర్డు వాళ్ల టొరీనోకు వెనక కప్పు నున్నగా జారినట్టు ఉండేది, వాళ్లు హాయిగా ముందుకెళ్లిపోయారు. 1968 చాంపియన్ ఫోర్డు నడిపిన డేవిడ్ పియర్సన్.

దాంతో డాడ్జ్ వాళ్లు 1969కి చార్జర్ 500 అని తెచ్చారు. గ్రిల్‌ను ముందుకు లాగి సమం చేశారు, వెనక అద్దాన్ని బాడీతో సమంగా బిగించారు. అప్పటి రూలు ప్రకారం ఏ మోడలైనా 500 కార్లు తయారుచేసి అమ్మకానికి పెడితేనే రేసుకు అర్హత. పేరులో 500 అందుకే. ఫోర్డు ఊరుకుంటుందా? ముక్కు సాగదీసి, వాలుగా దించి, టొరీనో టల్లడేగా అని ఒకటి తెచ్చింది. అందులో ఒక గడుసు పని చేశారు. కారు నేలకు ఎంత ఎత్తున ఉందో తలుపుల కిందుండే పట్టీ దగ్గర కొలిచేవారు. ఫోర్డు వాళ్లు షోరూం కారులోనే ఆ పట్టీని అంగుళం దాకా పైకి మడిచేశారు. కొలత సరిగ్గా వస్తుంది, కారు మాత్రం ఆ మేరకు కిందకు దిగి పరిగెడుతుంది! ఇంజనీరింగ్ చదువుకున్నవాళ్లు నవ్వుతున్నారు, మీకు తెలుసు ఇలాంటి పనులు.

ఆ ఏడాది డేటోనా ట్రాక్ మీద జరిగే 500 మైళ్ల పెద్ద రేసు, డేటోనా 500, ఫోర్డుదే. చిట్టచివరి లాప్‌లో లీరాయ్ యార్బ్రో వచ్చి డాడ్జ్ నడుపుతున్న చార్లీ గ్లాట్జ్‌బాక్‌ను దాటేశాడు. అంత ఖర్చుపెట్టి చేసిన చార్జర్ 500 చాలదని డాడ్జ్‌కు అర్థమైపోయింది.

అప్పుడు పుట్టింది చార్జర్ డేటోనా. క్రైస్లర్ రాకెట్ల విభాగంలో పనిచేసి వచ్చిన ఇంజనీర్లు కొందరు ఈ పనిలో ఉన్నారంటే ఆశ్చర్యం లేదు, ఎందుకంటే కారును చూస్తే రాకెట్టే గుర్తొస్తుంది. ముందు ఒకటిన్నర అడుగుల ఇనప ముక్కు మొనదేలి ఉంటుంది. వెనక డిక్కీ రెండు పక్కల నుంచి నిలువు స్తంభాలు లేచి, వాటి మీద అడ్డంగా ఒక రెక్క, దాదాపు రెండడుగుల ఎత్తున. విమానం రెక్క పైకి లేపితే, ఇది వెనక చక్రాలను నేలకేసి తొక్కిపెడుతుంది. ఆ నిలువు స్తంభాలు కూడా ఊరికే లేవు, కారు పక్కకు జారబోతే గాలి వాటికి తగిలి కారును తిన్నగా నడిపిస్తాయి. రెక్క అంత ఎత్తున ఎందుకని చాలామంది అడుగుతారు. డిక్కీ తలుపు తెరుచుకోవాలి కదా అని ఒక కథ ఉంది. నవ్వొచ్చే కథే గానీ, షోరూంలో కొన్న మనిషి సామాన్లు పెట్టుకోవాలి కదండీ, ఎంత రేసు కారైనా!

ఇక టల్లడేగా, ఫోర్డు కారు కాదు, ఆ పేరున్న ట్రాక్. ఇక్కడ కాస్త నిదానిస్తాను, ఈ కథకు ప్రాణం ఇదే.

బిల్ ఫ్రాన్స్ అలబామాలో ఒక పాత ఎయిర్‌ఫీల్డ్ స్థలంలో డేటోనా కంటే పెద్ద ట్రాక్ కట్టించాడు. 2.66 మైళ్ల చుట్టు, మలుపుల్లో 33 డిగ్రీల వాలు. మొదటి పెద్ద రేసు 1969 సెప్టెంబర్ 14 ఆదివారం. డాడ్జ్ డేటోనా తొలిసారి బరిలోకి దిగేదీ ఆ రోజే. ప్రాక్టీసులోనే కార్లు గంటకు 200 మైళ్ల అంచుకు వెళ్లిపోయాయి, గ్లాట్జ్‌బాక్ 199 దాటాడు. ఇంజన్లు, బాడీలు బ్రహ్మాండంగా ఉన్నాయి. టైర్లు లేవు. అంటే, ఆ వేగానికి, ఆ వాలు మీద పడే బరువుకు, కొత్త రోడ్డు గరుకుకు తట్టుకునే టైరు అప్పటికి భూమ్మీద లేదు. నాలుగైదు చుట్లు తిరిగొస్తే చాలు, రబ్బరు పెచ్చులు పెచ్చులుగా ఊడిపోయి లోపలి దారాలు బయటపడేవి. డ్రైవర్లు కారు దిగి, వంగి, ఆ టైరును చేత్తో తడిమి చూసుకుని ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకునేవాళ్లు. ఫైర్‌స్టోన్ ఈ రేసుకు మా టైర్లు ఇవ్వలేమని తప్పుకుంది. గుడ్‌ఇయర్ హడావుడిగా కొత్త టైర్లు తెప్పించింది, అవీ నిలవలేదు.

దీనికి కొంచెం వెనక కథ ఉంది. సరిగ్గా నెల ముందు, ఆగస్టులో, మిషిగన్‌లో డ్రైవర్లు కొందరు రహస్యంగా కూర్చుని ఒక సంఘం పెట్టుకున్నారు. ప్రెసిడెంటు రిచర్డ్ పెట్టీ. మీ పిల్లలు చూసే కార్ల కార్టూన్ సినిమాలో నీలం రంగు ముసలి చాంపియన్ కారు ఉంటుంది చూడండి, దానికి గొంతు ఇచ్చింది ఈయనే. వాళ్లు అడిగింది ఏమంత గొంతెమ్మ కోరికలు కావు. ప్రైజ్ మనీలో న్యాయమైన వాటా, ఇన్సూరెన్సు, పెన్షను, గ్యారేజీ దగ్గర స్నానం చేయడానికి వసతి. ఫ్రాన్స్‌కు యూనియన్ అన్న మాట వింటేనే ఒళ్లు మంట.

రేసు ముందు రోజు శనివారం గ్యారేజీలో పెట్టీ, ఫ్రాన్స్ ఎదురుపడ్డారు, చుట్టూ జనం. రేసు వాయిదా వేయమన్నారు డ్రైవర్లు. ఫ్రాన్స్ ససేమిరా అన్నాడు. భయమైతే నెమ్మదిగా నడపండి అన్న ధోరణి ఆయనది. అంతకుముందు ఏం చేశాడంటే, యాభై తొమ్మిదేళ్ల వయసులో తనే ఒక ఫోర్డు కారెక్కి ఆ ట్రాక్ మీద 175 మైళ్ల పైచిలుకు వేగంతో తిరిగొచ్చాడు, నా వయసు వాడు తిరగగా మీకేం రోగం అన్నట్టు. అంతటితో ఆగకుండా, నేనూ డ్రైవర్నే కాబట్టి మీ సంఘంలో చేర్చుకోండని కూడా అడిగాడట! ఎంత తెలివి చూడండి. కాకపోతే ఒంటరిగా 175లో తిరగడం వేరు, ముందూ వెనకా పక్కనా కార్లతో 195లో పోవడం వేరు. ఆ తేడా ఆయనకు తెలియదంటే నేను నమ్మను.

పెట్టీ తన కారును ట్రక్కుకు ఎక్కించాడు. ఆయన వెనకే పియర్సన్, ఆలిసన్ అన్నదమ్ములు, యార్బ్రో, పేరున్నవాళ్లంతా ఒక్కొక్కరే బయల్దేరారు. సాయంత్రానికి గ్యారేజీ సగం ఖాళీ. అయినా ఆదివారం రేసు ఆగలేదు. చిన్న కార్ల పోటీల్లో నడిపేవాళ్లను తెచ్చి బరి నింపేశారు, టైర్లు చూసుకోవడానికి మధ్యమధ్యలో రేసు నెమ్మది చేయించారు. టికెట్ కొన్నవాళ్లు అదే టికెట్ ముక్కతో ఇంకో రేసు కూడా చూడొచ్చని ఫ్రాన్స్ ప్రకటించాడు. 60 వేలకు పైగా జనం వచ్చారు. గెలిచింది రిచర్డ్ బ్రిక్‌హౌస్, గ్లాట్జ్‌బాక్ వదిలేసి వెళ్లిన కారు నడిపి. ఆ స్థాయిలో ఆయన జీవితం మొత్తానికి అదొక్కటే గెలుపు. ఆ రోజు చిన్న కమారో వేసుకుని తొలిసారి దిగిన కుర్రాడొకడున్నాడు, పేరు రిచర్డ్ చైల్డ్రెస్. తర్వాత్తర్వాత డేల్ ఎర్న్‌హార్డ్‌తో చాంపియన్‌షిప్పుల మీద చాంపియన్‌షిప్పులు కొట్టిన టీము ఓనరు ఆయనే. ఒకరి సమ్మె ఇంకొకరి అవకాశం అయింది, ఏం చేస్తాం.

పెద్ద డ్రైవర్లలో ఆగిపోయిన ఒకే ఒక్కడు బాబీ ఐజాక్, సంఘంలో చేరనివాడు. మన ఊరికి అట్టే దూరం కాదు, కటాబా వైపు మనిషి, చిన్నప్పుడే తండ్రి పోయి మిల్లు పనుల్లో పెరిగినవాడు, మాటలు తక్కువ. 1970 చాంపియన్ ఈయనే. ఆ తర్వాత మూడేళ్లకు, 1973లో ఇదే టల్లడేగాలో రేసు మధ్యలో ఉన్నట్టుండి కారు పిట్‌లోకి, అంటే ట్రాక్ పక్కన కార్లు ఆపే చోటికి, తెచ్చి దిగిపోయాడు. దిగిపొమ్మని ఒక గొంతు వినిపించిందని చెప్పాడు. ఆ రోజు అదే రేసులో ల్యారీ స్మిత్ అనే కుర్రాడు గోడకు తగిలి చనిపోయాడు. దీని మీద నేను వ్యాఖ్యానం చేయను.

సరే, టైర్ల సంగతి ఎలాగో సర్దుకుంది. 1970 మార్చి 24న అదే టల్లడేగాలో బడ్డీ బేకర్, ఆరడుగులు దాటిన భారీ మనిషి, నీలం రంగు డాడ్జ్ డేటోనాలో టెస్టింగ్ చేస్తూ 200.447 మైళ్లు కొట్టాడు. కిలోమీటర్లలో 322 పైచిలుకు. చుట్టూ తిరిగి మొదటికే వచ్చే ట్రాక్ మీద 200 మైళ్ల గీత దాటిన మొదటి స్టాక్ కారు అదే. ఒక్కటి గమనించండి, అదే ఏడాది సెప్టెంబర్ 30న రాలీలో అర మైలు మట్టి ట్రాక్ మీద కూడా ఇదే చాంపియన్‌షిప్ రేసు జరిగింది, పెట్టీ గెలిచాడు. అదే ఆఖరి మట్టి రేసు, మళ్లీ 2021లో బ్రిస్టల్‌లో సరదాకి మట్టి పోసి పెట్టేదాకా. అంటే ఆ రోజుల్లో డ్రైవరు ఒక వారం రాకెట్ లాంటి కారులో, ఇంకో వారం కళ్లల్లో దుమ్ము పడుతుంటే మట్టిలో. ఏడాదికి 48 రేసులు! రెక్కల కార్లు పెద్ద ట్రాకులకే పరిమితం, చిన్న ట్రాకులకు మామూలు బాడీలే. ఐజాక్ చాంపియన్ అయిన గెలుపుల్లో చాలావరకు ఆ చిన్న ట్రాకులవే.

పెట్టీ గురించి ఇంకొంచెం చెప్పాలి, లేకపోతే సూపర్‌బర్డ్ అర్థం కాదు. ఆయన ఎన్నో ఏళ్లుగా ప్లిమత్ మనిషి, అది క్రైస్లర్‌లోనే ఇంకో బ్రాండు. 1967లో ఒకే ఏడాదిలో 27 రేసులు గెలిచాడు, అందులో పది వరసగా. గాలి గొడవ మొదలయ్యాక నాకూ డాడ్జ్ ఇవ్వండని అడిగితే, నువ్వు ప్లిమతే నడపాలన్నారు. ఆయన నోరు మూసుకుని 1969లో ఫోర్డుకు వెళ్లిపోయాడు. అప్పుడు తెలిసొచ్చింది వాళ్లకు. ఆయన్ని వెనక్కి రప్పించడానికి 1970కి ప్లిమత్ రోడ్‌రన్నర్‌కు ముక్కూ రెక్కా తగిలించారు, అదే సూపర్‌బర్డ్. ఒక మనిషి కోసం ఒక కారు మోడల్! పెట్టీ తిరిగొచ్చాడు. ఆయన టీము రెండో కారు నడిపిన పీట్ హామిల్టన్ 1970 డేటోనా 500 గెలిచాడు, ఆ ఏడు టల్లడేగాలో రెండు రేసులూ ఆయనవే.

మే నెలలో డార్లింగ్‌టన్‌లో పెట్టీకి పెద్ద ప్రమాదం జరిగింది. సూపర్‌బర్డ్ ప్రాక్టీసులో పాడైతే మామూలు రోడ్‌రన్నర్ తెప్పించుకుని నడిపాడు. అది గోడకు కొట్టి పల్టీలు కొడుతుంటే, కిటికీలోంచి ఆయన తలా చెయ్యీ బయటకు వేలాడుతూ కనిపించాయి, టీవీలో చూసినవాళ్లు పోయాడనే అనుకున్నారు. భుజం దెబ్బతో బయటపడ్డాడు. ఇప్పుడు ఈ రేసుల్లో ప్రతి కారు డ్రైవరు కిటికీకి వల ఉంటుంది కదా, అది వచ్చింది ఆ ప్రమాదం తర్వాతే. ఒకటిన్నర అడుగుల ముక్కు గురించి అంతమంది ఇంజనీర్లు ఆలోచించారు, కిటికీకి గుడ్డ వల కట్టాలని మాత్రం అంతదాకా ఎవరికీ తట్టలేదు.

ఇక షోరూం వైపు వద్దాం. 1970కి రూలు మార్చారు, 500 చాలదు, ప్రతి ఇద్దరు డీలర్లకూ ఒక కారు చొప్పున తయారుచేయాలన్నారు. సూపర్‌బర్డ్‌లు 1,900 పైచిలుకు తయారయ్యాయి. ధర 4,300 డాలర్ల దగ్గర. డీలర్ల నెత్తిన పడ్డాయి. ఎవడు కొంటాడండీ? గ్యారేజీలో పట్టదు, పార్కింగ్ చేయాలంటే ముక్కు ఎక్కడుందో తెలియదు, పైగా ఇన్సూరెన్సు వాళ్లు ఇలాంటి బండి పేరు వింటేనే ప్రీమియం ఆకాశానికి ఎత్తేసేవారు. నెలల తరబడి ఎండకు ఎండి వానకు తడిశాయి. కొందరు డీలర్లు విసుగెత్తి ముక్కూ రెక్కా పీకేసి మామూలు రోడ్‌రన్నర్‌లా మార్చి అమ్ముకున్నారు. ఆ పీకేసిన రెక్కలు ఏ చెత్తలో కలిశాయో గానీ, ఇప్పుడు అసలు సూపర్‌బర్డ్ వేలానికొస్తే లక్షల డాలర్లు పలుకుతోంది.

ముగింపు చాలా చప్పగా జరిగింది. 1970 ఆగస్టులో మిషిగన్ రేసు నుంచి కార్బ్యురేటర్ కింద చిల్లుల పలక పెట్టాలన్నారు, గాలి తక్కువ పోతుంది, ఇంజన్ బలం తగ్గుతుంది. 1971కి ఇంకో రూలు: రెక్కల కార్లు, ముక్కు మార్చిన కార్లు రావొచ్చు, కానీ ఇంజన్ 305 క్యూబిక్ అంగుళాలు దాటకూడదు. అంటే ఏడు లీటర్ల చోట ఐదు లీటర్లు. నిషేధం అనలేదు చూడండి, రమ్మన్నారు, కాళ్లు కట్టేసుకుని రమ్మన్నారు. ఒకే ఒక్క టీము పంతం పట్టింది. 1971 డేటోనా 500కు డిక్ బ్రూక్స్ ఆ చిన్న ఇంజన్‌తోనే డాడ్జ్ డేటోనా తెచ్చి, కాసేపు లీడ్‌లో కూడా ఉండి, ఏడో స్థానంలో వచ్చాడు. ఆ తర్వాత రెక్కల కారు మళ్లీ అక్కడ కనపడలేదు. ఫోర్డు దీనికి జవాబుగా కింగ్ కోబ్రా అని ఒకటి తయారుచేస్తూ ఉండేది, దాన్ని వెనకేసుకొచ్చిన ప్రెసిడెంటు బంకీ నూడ్సెన్‌ను 1969లోనే ఉద్యోగం నుంచి పీకేయడంతో అది నమూనాల దగ్గరే ఆగిపోయింది. 1970 చివర్లో ఫోర్డు రేసింగ్ నుంచే తప్పుకుంది. క్రైస్లర్ కూడా చెయ్యి బిగించేసింది. పొగ కాలుష్యం చట్టాలు, భద్రతా నిబంధనలు, వాటికి పెట్టాల్సిన ఖర్చు ముందు రేసులు ఎవరికి కావాలి?

మీరేదో అడుగుతున్నారు, కాస్త గట్టిగా చెప్పండి... ఇంతకీ ఈ యుద్ధంలో గెలిచింది ఎవరంటారా? మంచి ప్రశ్న. 1969 చాంపియన్ ఫోర్డు, 1970 చాంపియన్ డాడ్జ్. డేటోనా 500 ఒకసారి ఫోర్డు, ఒకసారి ప్లిమత్. లెక్క సమానమే. నన్నడిగితే గెలిచింది బిల్ ఫ్రాన్స్. డ్రైవర్ల సంఘం టల్లడేగా తర్వాత కొంతకాలానికే చల్లబడిపోయింది. కంపెనీలు వెళ్లిపోతే డబ్బుకు కటకట వస్తుందనుకునే సమయానికి, 1971 మొదట్లో టీవీలో సిగరెట్ల ప్రకటనలు ఆపేయాలన్న చట్టం అమల్లోకి వచ్చింది. ప్రకటనల డబ్బు చేతిలో పెట్టుకుని ఎక్కడ ఖర్చుపెట్టాలా అని చూస్తున్న పొగాకు కంపెనీ ఒకటి మనకు గంటన్నర దూరంలో విన్‌స్టన్-సేలంలోనే ఉంది, ఆర్.జె. రేనాల్డ్స్. మొదట వాళ్ల దగ్గరకు వెళ్లింది జూనియర్ జాన్సన్, నాటుసారా కేసులో జైలుకు కూడా వెళ్లొచ్చి, డ్రైవరుగా పేరు తెచ్చుకుని, తర్వాత టీము ఓనరైన మనిషి. తన ఒక్క కారుకు స్పాన్సర్‌షిప్ అడగబోతే, వాళ్ల దగ్గరున్న డబ్బు మొత్తం పోటీకే సరిపోయేంత ఉంది. అలా వాళ్ల సిగరెట్ పేరు మీద ఈ చాంపియన్‌షిప్‌కు విన్‌స్టన్ కప్ అన్న పేరొచ్చింది. 1972కి రేసులు 48 నుంచి 31కి కుదించారు, చిన్న ఊళ్ల ట్రాకులు చాలావరకు ఎగిరిపోయాయి. ఆ ఏడు జనవరిలో ఫ్రాన్స్ పగ్గాలు కొడుక్కి అప్పగించాడు, చెక్కుచెదరని సంస్థను.

డ్రైవర్ల పెన్షన్ సంగతా? లేదండీ, అప్పుడు రాలేదు. సరే, భోజనాలు రెడీ అని చెయ్యి ఊపుతున్నారు, మిగతా ప్రశ్నలు అక్కడ కూర్చుని మాట్లాడుకుందాం.